అంచు కుట్టని బొంత



క్రిస్మసు దినముల చలిలో మన పల్లెటిండ్లలో అటకమీదనుండి దిగివచ్చు వస్తువు ఒకటి కలదు. అదియే బొంత. దానిని ఎవరును అంగడిలో కొనలేదు. అమ్మ కట్టి విడిచిన నూలుచీరలు, నాయన చినిగిన పంచెలు, పిల్లవానికి పొట్టియైపోయిన చొక్కా, ఇవన్నియు ఉతికి ఆరవేసి, చాపమీద పొరలు పొరలుగా పరచి, ముడుతలు లేకుండ అరచేతితో సవరించి, లావుపాటి సూదితో అవ్వ కుట్టినది. ఆ బొంతను వెలుతురులో పరచినయెడల ఇంటి చరిత్ర అంతయు అందులో కనబడును. ఇది పెద్దమ్మాయి పెండ్లిచీర, ఇది తాతయ్య పండుగనాటి పంచె అని అవ్వ వ్రేలు పెట్టి చూపగలదు.

బొంత కుట్టు స్త్రీని మీరు చూచియున్నయెడల ఒక సంగతి గమనించియుందురు. నడుమ కుట్లు ఎంత దగ్గరగా వేసినను పని ముగిసినదని ఆమె అనదు. నాలుగు ప్రక్కల కొసలను లోపలికి మడచి కుట్టును. లేదా పాతచీర అంచును పొడుగాటి పట్టీగా చింపి, కొసలమీద కప్పి, రెండు వైపుల పట్టునట్లు కుట్టును. మూలల దగ్గర మరింత జాగ్రత్తగా మడచును. ఏలయనగా చినుగుట ఎప్పుడును అంచుననే ఆరంభమగును. నడుమ ఎంత గట్టిగానున్నను, అంచు విడిచిన బొంతలో ఒక పోగు వెంట మరియొక పోగు జారి, కొన్ని ఉతుకులకే లోపలి గుడ్డలు బయటపడును.

ఈ చిన్న సంగతి లేఖనములలో కూడ కలదు. ప్రధానయాజకుని నిలువుటంగీ ఎట్లు చేయవలెనో దేవుడు మోషేకు తెలిపినప్పుడు, తల దూర్చుకొను చోట చినుగు పుట్టకుండ చుట్టును నేసిన అంచు పెట్టవలెనని కూడ చెప్పెను. నిర్గమకాండము 28 వ అధ్యాయములో ఇది చూడవచ్చును. పరిశుద్ధస్థలములో వేసికొను వస్త్రమైనను అంచు లేనిచో చినుగునని దేవుడు ఎరుగును.

అంచును గూర్చి ఇంతగా ఎందుకు చెప్పవలసివచ్చెననగా, ఒక పేద క్రైస్తవ స్త్రీ కుట్టిన బొంతను గూర్చియు, ఆ బొంత కథకు అంచు కుట్టువారు లేక అది ఎట్లు చినిగిపోవలసియుండెనో దానిని గూర్చియు ఈ నెల మీకు చెప్పదలచితిమి.

అమెరికా దేశపు రాజధానియైన వాషింగ్టన్ నగరమున స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియములో ఒక పాత బొంత భద్రపరచబడియున్నది. ఆరడుగులకు పైగా ఒక కొలత, ఏడడుగులకు పైగా మరియొక కొలత. రంగులు వెలసిపోయినవి. కాని అది చూచుటకు దేశదేశములవారు ఆశపడుదురు. దానిని బైబిలు బొంత అని పిలుతురు. దానిని కుట్టినది రాణి కాదు, పేరుగాంచిన చిత్రకారిణి కాదు. బానిసగా పుట్టి, ప్రత్తిచేల నడుమ పెరిగిన ఒక నల్లజాతి స్త్రీ. ఆమె పేరు హారియట్ పవర్స్.

హారియట్ 1837 వ సంవత్సరము అక్టోబరు 29 వ తేదీన జార్జియా రాష్ట్రములో ఏథెన్సు పట్టణమునకు సమీపమున పుట్టెను. ఇది పౌలు ప్రసంగించిన ఏథెన్సు కాదు. ఆ పేరే పెట్టుకొనిన అమెరికా పట్టణము. ఆ కాలమున ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో నల్లవారు పశువులవలె కొనబడి అమ్మబడుచుండిరి. వారు ఏరిన ప్రత్తి ఓడలెక్కి దూరదేశములకు పోయి ఇతరులకు ధనమాయెను. ఏరినవారికి మాత్రము కప్పుకొనుటకు చాలినంత బట్ట లేదు. అంతేకాదు, బానిసకు చదువు నేర్పుట జార్జియాలో 1829 వ సంవత్సరపు చట్టముచేత నేరముగా ఎంచబడెను. అక్షరములు నేర్చినవాడు లోబడియుండడని యజమానులకు భయము.

1855 లో ఆమె ఆర్మ్‌స్టెడ్ పవర్స్ అనువానిని వివాహమాడెను. వారికి అనేకమంది పిల్లలు కలిగిరి. 1865 లో అంతర్యుద్ధము ముగిసి దాస్యము రద్దుకాగా, ఆ కుటుంబమునకు స్వేచ్ఛ వచ్చెను. స్వేచ్ఛ వచ్చెను గాని చేతిలో ఏమియు లేదు. భార్యాభర్తలు ఏండ్ల తరబడి కష్టపడి, 1880 ల నాటికి నాలుగెకరముల భూమి సంపాదించిరి. నాలుగెకరములు చిన్నదని మీరు తలంపవచ్చును. కూలికి పోయి దాచి, సెంటు సెంటుగా భూమి కొనినవారు ఎవరైనను మీ గ్రామమున ఉన్నయెడల వారిని అడుగుడి. తాను నిలుచున్న నేల తనదేయని మొదటిసారి అనుకొనుట ఎట్టిదో వారు చెప్పగలరు.

అచ్చటి బొంత మన బొంతకు చెల్లెలివంటిది. కాని దాని పద్ధతి కొంచెము వేరు. దానికి మూడు పొరలుండును. పై పొర చూచుటకు అందముగా ఉండునది. నడిమి పొర దూది, అది వెచ్చదనమునకు. అడుగు పొర ఈ రెండింటిని మోయునది. మూడింటిని కలిపి చెక్కచట్రమునకు బిగించి, సూదిని పైనుండి అడుగువరకు దింపి మరల పైకి తీయుచు వరుసలు వరుసలుగా కుట్టుదురు. ఈ కుట్టు లేనియెడల దూది ఒక మూలకు జారి ఉండలుకట్టును. ఇరుగుపొరుగు స్త్రీలు ఆ చట్రము చుట్టు కూర్చుండి, మాటలాడుకొనుచు పాడుకొనుచు కుట్టుట ఆ దేశపు పల్లెలలో పండుగవంటిది.

అటుపిమ్మట అంచు పని. అడుగుబట్టను కొంచెము వెడల్పుగా విడిచి, దానినే పైకి మడచి కుట్టుట ఒక విధము. పైబట్ట, అడుగుబట్ట కొసలను రెండింటిని లోపలికి త్రిప్పి కలిపి కుట్టుట రెండవ విధము. వేరొక గుడ్డపట్టీని అంచు పొడుగున కుట్టి, దానిని వెనుకకు మడచి, చేతికుట్టుతో బిగించుట మూడవ విధము. ఎక్కువ కాలము నిలుచునది ఈ మూడవదే. వాడుకలో మొదట అరుగునది అంచు గనుక, పట్టీ అరిగిపోయినప్పుడు దానిని విప్పి క్రొత్త పట్టీ వేయవచ్చును. బొంత చెడదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు వచ్చెదము.

హారియట్ బొంతలో మరియొక పని కూడ కలదు. గుడ్డలను మనుష్యుల రూపముగా, మృగముల రూపముగా, సూర్యచంద్ర నక్షత్రముల రూపముగా కత్తిరించి, వాటి కొసలు మడచి, పెద్దగుడ్డమీద ఉంచి చుట్టు కుట్టెను. పడమటి ఆఫ్రికాలో దహోమే దేశపువారు కూడ ఇట్లే గుడ్డరూపములు కుట్టి తమ రాజుల చరిత్ర చెప్పుకొనెడివారు. ఆమె పనిలో ఆ పోలిక ఉన్నదని పండితులు చూపిరి. ఓడలలో గొలుసులతో తీసికొనిపోబడినవారి చేతులలోనుండి యజమానులు సమస్తమును లాగికొనిరి గాని చేతిపనిని లాగికొనలేకపోయిరి.

ఆ బొంతలో పదునొకండు చిత్రములున్నవి. మొదట ఏదెను తోటలో ఆదాము హవ్వలును, వారిని మోసపుచ్చు సర్పమును. తరువాత బిడ్డతో హవ్వ. తరువాత ఏడు నక్షత్రముల నడుమ సాతాను. తరువాత కయీను హేబెలును చంపుటయు, ఆ రక్తము భూమిమీద పారుటయు. పిమ్మట కయీను నోదు దేశమునకు పోవుట. అచ్చట మృగముల నడుమ నారింజరంగు సింహము ఒకటి నిలిచియున్నది. తరువాత యాకోబు కల, యేసు బాప్తిస్మము, సిలువ, ముప్పది వెండి నాణెములతో యూదా, ప్రభురాత్రి భోజనము, కడపట మరియ యోసేపులతో శిశువైన యేసు.

సిలువ చిత్రములో భూమిమీద కమ్మిన చీకటిని, రక్తవర్ణమైన చంద్రుని ఆమె నల్లగుడ్డతోను ఎఱ్ఱగుడ్డతోను చూపెను. ప్రభురాత్రి భోజనములో శిష్యులు పండ్రెండుగురు లేరు. అయిదుగురిని తగ్గించెను. ఉన్నవారందరికి తెల్లని చుక్కలబట్ట తొడిగించెను. యూదాకు మాత్రము మాసినట్టి రంగు గుడ్డ వేసెను. వేదపాఠశాలలో దీర్ఘోపన్యాసము చెప్పినదానిని ఆమె ఒక గుడ్డముక్కతో చెప్పెను.

1886 లో ఏథెన్సు పట్టణమున జరిగిన సంతలో ఈ బొంత ప్రదర్శింపబడెను. ధాన్యము, కాయగూరలు, పశువులు చూపు సంత అది. అచ్చటి బాలికల పాఠశాలలో చిత్రలేఖనము నేర్పు జెన్నీ స్మిత్ అను తెల్లజాతి స్త్రీ దానిని చూచి ఆశ్చర్యపడి, దాని యజమానురాలిని వెదకి కనుగొని, దానిని కొందునని అడిగెను. హారియట్ ఏ వెలకును ఇయ్యననెను.

అయితే కొన్ని సంవత్సరములకు చెడ్డకాలము వచ్చెను. ప్రత్తి ధర పడిపోయెను. అప్పులు పెరిగెను. అమ్ముటకు సిద్ధమని హారియట్ కబురుపెట్టగా, ఆ సమయమున జెన్నీ స్మిత్ చేతిలో డబ్బు లేకపోయెను. కొంతకాలమైన పిమ్మట ఆమె తానే తిరిగి కబురంపెను. ఒక మధ్యాహ్నము ఎద్దుబండి ఒకటి ఆమె వాకిట ఆగెను. హారియట్ ఒడిలో బొంత ఉండెను. దానిని శుభ్రమైన పిండిసంచిలో పెట్టి, ఆ సంచిని మరల గోనెసంచిలో పెట్టి తెచ్చియుండెను.

ఆమె పది డాలర్లడిగెను. అయిదే ఉన్నవని జెన్నీ స్మిత్ చెప్పెను. హారియట్ వెలుపలికి పోయి భర్తతో ఆలోచించి, తిరిగి వచ్చి, కాలము గడ్డుగా ఉన్నది గనుక అయిదింటికే ఇచ్చుట మంచిదని ఆయన అన్నాడని చెప్పెను. అడిగిన వెలలో సగమునకు బొంత చేయి మారెను.

చదువరీ, ఇట్టి మధ్యాహ్నము మన పల్లెలకు క్రొత్తది కాదు. వాకిట నిలిచి, ఒడిలో ఉన్నదానిని విప్పి చూపి, అడిగిన వెలలో సగము తీసికొని తలవంచుకొని వెళ్లిన తల్లులు మన యిండ్లలో లేరా? తాకట్టు పెట్టిన చెవికమ్మలు, కరువులో తోలిన పాడిగేదె, బిడ్డ జబ్బుకు అమ్మిన బిందె, ఇవి ఎవరి లెక్కలో వ్రాయబడినవి?

అయినను ఆ దినమున మరియొక పని జరిగెను. హారియట్ వెంటనే వెళ్లిపోలేదు. ఒక్కొక్క చిత్రమును చూపుచు, దాని అర్థమును మిక్కిలి శ్రద్ధతో వివరించెను. జెన్నీ స్మిత్ ఆ మాటలు వ్రాసికొనెను. బొంతను విడిచిపోయినందుకు హారియట్ మనస్సు నొచ్చియుండెను. నాయొద్ద మిగులు గుడ్డముక్కలన్నియు నీకొరకు దాచెదనని జెన్నీ స్మిత్ మాట ఇచ్చినప్పుడు ఆమెకు కొంత ఓదార్పు కలిగెను. అటుతరువాత ఆమె పలుమార్లు ఆ యింటికి తిరిగివచ్చెను. డబ్బుకొరకు కాదు. అత్తవారింట ఉన్న కుమార్తెను చూడవచ్చు తల్లివలె, తన బొంతను చూచుటకు వచ్చెను.

ఇక్కడ మనము ఆగి న్యాయముగా ఆలోచింపవలెను. జెన్నీ స్మిత్ సగము వెలకే కొనెను. ఆమె వ్రాతలో హారియట్ మాటలను పల్లెయాసలో వ్రాసి చూపిన తీరున, పెద్దింటివారు పేదవారిని గూర్చి మాటలాడునప్పటి చులకన కొంత కనబడును. ఇది దాచవలసిన పని లేదు. కాని ఆమె కాగితము తీసికొని వ్రాయకపోయినయెడల, ఆ చిత్రముల అర్థము నేడు ఎవరును చెప్పలేకపోయెడివారు. ఆ గుడ్డలలో సాతాను ఎవరో కయీను ఎవరో తెలియక, ఇది పిల్లల ఆటబొమ్మల దుప్పటియని మడచి పెట్టియుందురు. కుట్టినది హారియట్. కాని ఆ కథకు అంచు వేసినది ఆ కాగితము. దేవుడు లోపములు గలవారి చేతిలో కూడ సూది పెట్టును.

1895 లో అట్లాంటా నగరమున గొప్ప ప్రత్తి ప్రదర్శనము జరిగినప్పుడు జెన్నీ స్మిత్ ఆ బొంతను అచ్చటికి పంపెను. అట్లాంటా విశ్వవిద్యాలయపు అధ్యాపకుల కుటుంబ స్త్రీలు హారియట్ పనిని మెచ్చి ఆమెచేత రెండవ బొంత కుట్టించిరని చెప్పబడుచున్నది. 1898 లో అది ఆ విశ్వవిద్యాలయపు ధర్మకర్తలలో ఒకరైన చార్లెస్ కత్‌బర్ట్ హాల్ గారికి బహుమానముగా ఇయ్యబడెను. ఈయన న్యూయార్కు నగరమున యూనియన్ వేదాంత కళాశాలకు అధ్యక్షుడు. బారోస్ ఉపన్యాసములు చేయుటకు 1902–03 లో మన దేశమునకు వచ్చి, 1906–07 లో తిరిగి వచ్చిన దైవజనుడు ఈయనే. భారతదేశపు విద్యావంతుల యెదుట క్రీస్తును గూర్చి మాటలాడినవాని యింట, ప్రత్తిచేల బానిసగా పుట్టిన స్త్రీ కుట్టిన సువార్త ఉండెను. ఆ రెండవ బొంత 1964 లో బోస్టన్ నగరపు లలితకళల మ్యూజియమునకు చేరెను. మొదటిది 1969 లో స్మిత్సోనియన్ సంస్థకు చేరెను.

రెండవ బొంతలో పదునయిదు చిత్రములున్నవి. యోబు, యోనా, మోషే ఎత్తిన సర్పము మొదలగు వాటితోకూడ, ఆ దేశమున నిజముగా జరిగిన వింతలను కూడ ఆమె కుట్టెను. 1780 మే 19 వ తేదీన పట్టపగలు చీకటి కమ్మిన దినము, 1833 నవంబరు 13 వ తేదీన ఆకాశమునుండి నక్షత్రములు రాలినట్టు అగుపడిన రాత్రి, 1895 ఫిబ్రవరి 10 వ తేదీనాటి ఘోరమైన చలి, ఇవి అందులో ఉన్నవి. మొదటి రెండును ఆమె పుట్టకమునుపు జరిగినవి. ఆమె వాటిని కన్నులార చూడలేదు. పెద్దలు చెప్పగా విని, దాచుకొని, కుట్టెను. నక్షత్రములు రాలిన రాత్రి లోకము అంతమగుచున్నదని జనులు వణకిరి. ఆమె ఆ నక్షత్రముల క్రింద మనుష్యులను కుట్టి, వారిపైని దేవుని హస్తమును కూడ కుట్టెను.

హారియట్ 1910 జనవరి 1 వ తేదీన మరణించెను. అప్పటికి భూమి చేజారియుండెను. భర్త ఆమెను విడిచి వెళ్లి అనేక సంవత్సరములై యుండెను. అటుపిమ్మట ఆమె కథ అంచు విడిచిన బొంతవలె ఆయెను. ఆమె మరణించిన సంవత్సరము 1911 అని పుస్తకములలో తప్పుగా వ్రాయబడెను. ఆమె సమాధి ఎచ్చటనున్నదో మరవబడెను. ఆమెకు అక్షరములు రావనియు, బోధకుల ప్రసంగములు విని బైబిలు కథలు నేర్చుకొనెననియు గ్రంథకర్తలు ఒకరిని చూచి ఒకరు వ్రాసిరి. బీదది, నల్లది, బానిసగా పుట్టినది గనుక చదువు రాదని అనుకొనుట వారికి సులువాయెను. అడిగినవారు లేరు.

అయితే 2005 లో ఏథెన్సులోని గాస్పెల్ పిల్‌గ్రిం శ్మశానవాటికలో, పొదల నడుమ ఆమె సమాధిరాయి కనబడెను. మరణదినము సరిగా తెలిసెను. 2009 లో కైరా హిక్స్ అను గ్రంథకర్త్రి ప్రచురించిన పుస్తకములో మరింత గొప్ప సంగతి బయటపడెను. 1896 లో ఐయోవా రాష్ట్రమందలి లోరీన్ డైవర్ అను స్త్రీకి హారియట్ ఒక లేఖ పంపియుండెను. ఆ స్త్రీ దాని ప్రతిని వ్రాసి ఉంచెను. తాను చిన్నతనమున తెల్లవారి పిల్లలవలన అక్షరములు నేర్చుకొంటిననియు, ఆ తరువాత తానే చదువుకొంటిననియు హారియట్ అందులో చెప్పెను. 1872 లో నాలుగువేలకు పైగా చిన్న ముక్కలు కూర్చి నక్షత్రపు బొంత కుట్టితిననియు, 1882 లో సీయోను కొండ బాప్తిస్టు సంఘములో చేరి, ప్రభురాత్రి భోజనపు బొంత కుట్టితిననియు తెలిపెను.

చూచితిరా? చాలకాలము లోకము ఆమెకు చదువు రాదని చెప్పుకొనెను. ఆమె బైబిలును చేతపట్టుకొని చదివినది. చదివినదానిని కుట్టినది. ఆమె చెప్పిన ఆ తక్కిన బొంతలు నేడు కానరావు. రెండు మాత్రమే మిగిలినవి. అరిగిపోయిన అంచుపట్టీని విప్పి క్రొత్త పట్టీ వేయవచ్చునని పైన చెప్పితిమి గదా? తప్పుగా చెప్పబడిన చరిత్ర కూడ అట్టిదే. బొంత నిలిచియున్నయెడల, ఒక లేఖ, ఒక రాయి, వెదకు ఒక మనుష్యుడు చాలును. చినిగిన అంచు తీసి మంచి అంచు వేయవచ్చును. కాని ఆ లేఖ కూడ చెదలు తినియున్నయెడల ఏమగును?

ఇప్పుడు మన దేశమును గూర్చి ఒక మాట. హారియట్ సంఘములో చేరుటకు నాలుగేండ్ల ముందు, 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన గొప్ప కరువు తరువాత, 1878 జూలై 3 వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారి పేరు మనము ఎరుగుదుము. ఆయనకు ముందుగా నడచిన యెర్రగుంట్ల పేరయ్యగారి పేరు ఎరుగుదుము. తక్కినవారు మనకు ఒక అంకెగా మిగిలిరి. ఆ 2,222 మందిలో సగముమంది స్త్రీలే యనుకొన్నను, వారిలో ఎంతమంది పేర్లు మీరు చెప్పగలరు? కరువులో బిడ్డను పోగొట్టుకొని ఆ నీటిలో దిగిన తల్లి ఎవరు? చెప్పులు లేని కాళ్లతో ఊరూరు తిరిగి, వాకిళ్లలో కూర్చుండి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీలు ఎవరు? వారు కుట్టిన కుట్లమీదనే మన సంఘములు నిలిచియున్నవి. అంచు మాత్రము కుట్టబడలేదు.

యొప్పేలోని దొర్కాను జ్ఞాపకము చేసికొనుడి. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఊరకుండలేదు. ఆమె కుట్టిన బట్టలను తెచ్చి పేతురునకు చూపిరి. ఇది ఆమె చేసినది, ఇది ఆమె చేసినది అని చెప్పిరి. లూకా వ్రాసెను. కావుననే దాదాపు రెండువేల యేండ్లైనను, ఒక ఓడరేవు పట్టణములో సూదిపని చేసిన స్త్రీ పేరు మనము ఎరుగుదుము. చూపినవారు లేనియెడల, వ్రాసినవాడు లేనియెడల, ఆ బట్టలు చినిగిపోవుటతోనే ఆమె పేరును పోయియుండును. వేలమందికి ఆహారము పెట్టిన దినమున మన ప్రభువు కూడ, తిన్నవారు తృప్తిపొందిరి గదా అని ఊరకుండక, మిగిలిన ముక్కలను పోగుచేయించెను. ముక్క వృథా అగుట ఆయనకు ఇష్టము లేదు.

దేవుని జీవగ్రంథములో ఏ పేరును చెరిగిపోదు. హారియట్ పేరు మ్యూజియములో నిలిచినందువలన ఆమె రక్షింపబడలేదు. ఆమె నమ్మిన క్రీస్తువలన రక్షింపబడెను. అయితే మన బిడ్డలు పరలోకపు గ్రంథమును ఇప్పుడు చదువలేరు. దేవుడు తమ ముత్తవ్వను ఎట్లు నడిపెనో వారు తెలిసికొనవలెననిన, ఈ లోకపు కాగితముమీద ఎవరో ఒకరు వ్రాయవలెను. తన యింటివారు ఏ చీకటిలోనుండి వచ్చిరో ఎరుగని బిడ్డ, తన వెలుగు విలువను ఎరుగడు. అడిగినవాడు చెప్పిన సగము వెలకు దానిని ఇచ్చివేయును.

కావున ఈ నెలలో ఒక పని చేయుడి. మీ యింటనైనను మీ సంఘములోనైనను అందరికంటె పెద్దవయస్సు గల అవ్వ యొద్దకు పోయి కూర్చుండుడి. తొందరపెట్టకుడి. ఆమె చేతిలో ఏదైనను పని ఉన్నయెడల, బొంతయో చాటయో, దానినిగూర్చియే మొదట అడుగుడి. చేతులు కదలుచుండగా మాటలు వచ్చును. నీ తల్లి పేరేమి? మన యింట మొదట ప్రభువును నమ్మినది ఎవరు? ఏ యేట? ఏ బోధకుడు వచ్చెను? ఆ దినమున ఊరివారు ఏమనిరి? కరువులో ఏమి తింటిరి? ఏ పాట పాడుకొంటిరి? ఆమె చెప్పినది చెప్పినట్టు, పెద్దది చేయక, చిన్నది చేయక, ఒక నోటుపుస్తకములో తేదీ వేసి వ్రాయుడి. వ్రాసినదానిని ఆమెకు చదివి వినిపించుడి. తప్పు చెప్పినయెడల దిద్దుకొనుడి. ఒక ప్రతి ఇంట ఉంచి, మరియొక ప్రతి సంఘపు పెట్టెలో ఉంచుడి. చదువువచ్చిన పిల్లలకు ఇది తగిన పని. సండేస్కూలు పిల్లలచేత చేయించినను మేలే.

కొందరు అవ్వలు, నాకేమి కథయున్నది నాయనా, నేను చదువురానిదానను, అని అందురు. అప్పుడు వారికి హారియట్ పవర్స్ కథ చెప్పుడి. సంచిలో చుట్టి ఒడిలో పెట్టుకొని తెచ్చిన గుడ్డముక్కలను చూచుటకు నేడు రాజధానికి పోవుచున్నారని చెప్పుడి.

అవ్వ నడుమ కుట్లన్నియు వేసెను. కరువులో వేసెను, జబ్బులో వేసెను, దీపపు నూనె లేని రాత్రులలో తడుముకొనుచు వేసెను. ఆమె చూపు మందగించినది. సూదిలో దారము ఎక్కించుటకు మిమ్మును పిలుచుచున్నది. ఆమె పిలుచుచుండగనే వెళ్లుడి. ఆమె చేతులు ఆగకమునుపే అంచు కుట్టుడి. ముక్కలను పోగుచేయించిన ప్రభువు మీ చేతిపనిని స్థిరపరచును గాక.